పాత గిటారు దొరికితే ముందు లోపలికి చూడండి

పోయిన నెల బొల్లారం నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. "అంకుల్, మా నాన్న గిటారు అటక మీద దొరికింది. శుభ్రంగా తుడిచి, కొత్త తీగలు వేయించి తీసుకురమ్మంటారా?" అని అడిగింది. "తుడవొద్దమ్మా. తీగలు కూడా విప్పొద్దు. ఎలా దొరికిందో అలాగే తీసుకురా. పెట్టె ఉంటే పెట్టెతో, అందులో చిత్తు కాగితాలుంటే వాటితో సహా" అన్నాను. ఆ అమ్మాయికి నా మాట వింతగా అనిపించినట్టుంది, రెండోసారి అడిగింది. రెండోసారీ అదే చెప్పాను.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో వడ్రంగం పని చేసి రిటైరయ్యాను. మెట్టుగూడలో మా పక్క క్వార్టర్‌లో ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఉండేది. ఆ ఇంటి పెద్దాయన డాన్సులకు గిటారు వాయించేవాడు. నాకు మొదటి నాలుగు కార్డ్‌లు, అంటే కలిపి మోగించే స్వరాలు, నేర్పింది ఆయనే. 1994లో వాళ్లు ఆస్ట్రేలియా వెళ్లిపోతూ ఆ గిటారును నాకు 1,500 రూపాయలకు ఇచ్చారు. గిటారు ముందు చెక్క, అంటే టాప్, మీద పాలిష్ అంతా వేసవిలో చెరువు అడుగు పగిలినట్టు సన్నసన్నగా పగిలి ఉంది. వడ్రంగిని కదా, పాలిష్ చెడిపోయిందనుకున్నాను. ఉప్పుకాగితంతో చెక్క తేలేదాకా రుద్ది, తలుపులకు కొట్టే మెలమైన్ పాలిష్ కొట్టాను. తీగలు బిగించే మరలు, అంటే ట్యూనర్లు, తుప్పు పట్టాయని పీకేసి కొత్తవి బిగించాను. పాతవి స్క్రాప్‌లో వేశాను.

పదేళ్లు పోయాక తెలిసింది. లోపల, గిటారు మెడ (నెక్) వచ్చి కలిసే దిమ్మె మీద చెదిరిన సిరాముద్రలో ఒక అంకె, దాని ముందు డబ్ల్యూ అక్షరం ఉన్నాయి. అమెరికా గిటార్ల కంపెనీ గిబ్సన్ 1952 నుంచి 1961 దాకా ఫ్యాక్టరీ ఆర్డర్ నంబర్లకు అక్షరాలను వెనక నుంచి ముందుకు వాడింది. జెడ్ అంటే 1952, వై 1953, ఎక్స్ 1954, డబ్ల్యూ 1955, అలా క్యూ దాకా వెళ్తే 1961. నేను రుద్దిపారేసింది 1955 నాటి గిబ్సన్ జె-45. పాడైందనుకున్న ఆ పగుళ్లు నైట్రోసెల్యులోజ్ లాకర్ అనే పాతకాలపు పాలిష్ వయసుతో తెచ్చుకునే గుర్తులు. కలెక్టర్లు వాటిని చూసే సంబరపడతారు. ఆ గిటారు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఎవరైనా పాత గిటారుకు పాలిష్ వేయించాలని వస్తే ముందు దాన్ని చూపిస్తాను.

కాబట్టి మొదటి పని చూడటం. ఆ చూపు కూడా లోపలి నుంచే మొదలుపెట్టాలి.

సౌండ్‌హోల్‌లో ఏం చూడాలి

సామాను పెద్దగా అక్కర్లేదు. చిన్న ఎల్‌ఈడీ టార్చి, పళ్ల డాక్టర్లు వాడే గుండ్రటి అద్దం, అడుగు పొడవు స్టీలు స్కేలు, దొంగనోట్లు పట్టే అల్ట్రావయొలెట్ లైటు. కోఠి గుజరాతీ గల్లీలో ఫోన్‌కు తగిలించే ఎండోస్కోప్ కెమెరా దొరుకుతుంది, అది కొంటే అద్దంతో పని తప్పుతుంది. స్కేలు మాత్రం వంకర లేనిది చూసి కొనండి.

లైటును టాప్ మధ్యనున్న గుండ్రటి రంధ్రంలోకి, అంటే సౌండ్‌హోల్‌లోకి వేసి, నెక్ వచ్చి కలిసే చోట లోపల ఉండే దిమ్మె చూడండి. అదే నెక్ బ్లాక్. తర్వాత వెనక చెక్క మీద లేబుల్ ఉందేమో చూడండి. ముద్ర, లేబుల్, పెన్సిల్ రాత, ఏది కనిపించినా ముందు ఫొటో తీయండి. చాలా ముద్రలు సగం చెరిగి ఉంటాయి. లైటును పక్కవాటంగా పెడితే అక్షరాలు లేచి కనిపిస్తాయి. గుడ్డతో రుద్దారంటే మిగిలిందీ పోతుంది.

తర్వాత చెక్క. టాప్ నిజమైన చెక్కా, ప్లైవుడ్డా అన్నది సౌండ్‌హోల్ అంచు దగ్గర తేలుతుంది. పైన కనిపించే నిలువు గీతలు అంచు మందంలోకి కూడా తెగకుండా దిగితే అది ఒకే చెక్క. అంచులో పొరలు కనిపిస్తే ప్లైవుడ్. అంచుకు రంగు వేసి ఉంటే టాప్‌ను లోపలి వైపు నుంచి చూడండి. వెనక చెక్కకు ఇంకో పరీక్ష ఉంది. బయట ఒక ముడినో నల్లచారనో గుర్తుపెట్టుకొని, అదే చోట లోపల వెతకండి. రెండు వైపులా అదే చార ఉంటే అసలు చెక్క. లేకపోతే పైన అందమైన పొర, లోపల వేరే పొర.

టాప్ కింద అతికించిన పట్టీలను బ్రేసులంటారు. సౌండ్‌హోల్‌కు, టాప్ మీద తీగల చివర్లు బిగించే బ్రిడ్జికి మధ్య అవి ఎక్స్ ఆకారంలో దాటుకుంటే ఒక రకం, నిచ్చెన మెట్లలా అడ్డంగా ఉంటే ఇంకో రకం. చవక గిటార్లలో నిచ్చెన పట్టీలే ఎక్కువ. అమెరికా కంపెనీ మార్టిన్ గిటార్లలోనైతే ఈ పట్టీలు ధరనే మార్చేస్తాయి. 1944 చివరి దాకా ఆ కంపెనీ పట్టీలను మధ్యలో లోతుగా చెక్కి సన్నం చేసేది. టాప్ తేలిగ్గా కదిలి మోత నిండుగా వచ్చేది. జనం బరువైన తీగలు వేసి టాపులు ఉబ్బించడంతో ఆ చెక్కడం మానేశారు. అందుకే ఆ సంవత్సరానికి ముందువాటికీ తర్వాతివాటికీ ధరలో అంత తేడా.

మన ఊళ్లో కనిపించేవి

నిజం చెప్పాలి. హైదరాబాద్‌లో పదిమంది "పాత గిటారు" అని తెస్తే అందులో ఏడెనిమిది కలకత్తావి. గివ్‌సన్, హోబ్నర్, గిబ్‌టోన్ లాంటివి. గివ్‌సన్ పేరును గిబ్సన్ అని చదువుకొని ఆశతో వచ్చేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. అవి మన దేశపు గిటార్లు. దిగుమతి గిటారు అందని రోజుల్లో ఒక తరం మొత్తం వాటి మీదే నేర్చుకుంది. ఇంటి జ్ఞాపకంగా వాటికి ఎంత విలువైనా కట్టుకోవచ్చు. అమ్మితే మాత్రం వచ్చేది కొన్ని వేలే. ఆ మాట నేను ముందే చెప్పేస్తాను.

సికింద్రాబాద్, మెట్టుగూడ, బొల్లారం పాత ఇళ్లలో అప్పుడప్పుడూ జర్మనీవి బయటపడతాయి. హాఫ్నర్ 1887లో మొదలైన కంపెనీ. ఫ్రామస్ 1946లో పుట్టింది. ఫ్రామస్‌ను పోల్చుకోవడం తేలిక. దాని నెక్ ఒకే కర్రతో చేసింది కాదు, సన్నటి పట్టీలు పొరలు పొరలుగా అతికించి చేసింది. పక్క నుంచి చూస్తే చారలు కనిపిస్తాయి. నంబరు చివర రెండంకెలు, ఒక అక్షరం ఉంటే పుట్టిన తేదీ దొరికినట్టే. 62 ఎఫ్ అంటే 1962 జూన్. ఏ అంటే జనవరి, బి ఫిబ్రవరి, అలా లెక్కపెట్టుకోవాలి.

జపాన్ యమహాలు గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల పెట్టెల్లో వచ్చాయి. ఎఫ్‌జీ-180, ఎఫ్‌జీ-150 మోడళ్లు 1966లో మొదలయ్యాయి. లోపల ఎర్ర లేబుల్, దాని మీద నిప్పన్ గక్కి అనే పేరు ఉంటే అది తొలినాటిది. నిప్పన్ గక్కి అన్నది యమహా కంపెనీకే పాత పేరు. 1987లో మార్చుకున్నారు. ఈ ఎర్ర లేబుల్ గిటార్ల టాప్ ప్లైవుడ్డే. అయినా మోత బాగుంటుంది, అడిగేవాళ్లూ ఉన్నారు. ప్లైవుడ్ అనగానే తీసిపారేయొద్దని చెప్పడానికి నేను వీటినే చూపిస్తాను. తైవాన్‌లో చేసిన తర్వాతివాటికి అంత గిరాకీ లేదు.

అమెరికావి మన దగ్గర అరుదు. అందుకే వాటి పేరుతో మోసాలు ఎక్కువ. మార్టిన్ గురించి రెండు విషయాలు గట్టిగా పట్టుకోండి. ఆ కంపెనీ 1898 నుంచి వరస నంబర్లు వేస్తోంది. ఏ సంవత్సరం ఏ నంబరుతో ముగిసిందో పట్టిక అందరికీ దొరుకుతుంది. 1930 చివరి నుంచి నెక్ బ్లాక్ మీద నంబరుతో పాటు మోడల్ పేరు కూడా కొట్టారు. ఇక రెండోది: 1985 దాకా మార్టిన్ నెక్‌లో, వంపును తిప్పి సరిచేసే లోహపు కడ్డీ, అంటే ట్రస్ రాడ్ లేదు. ఈ ఒక్క ముక్కతో నేను ఒక పెద్ద నష్టం తప్పించుకున్నాను. 1968 మార్టిన్ అని ఒకరు ఆన్‌లైన్‌లో ఫొటోలు పెట్టి మూడు లక్షలు అడిగారు. బయానా పంపడానికి సిద్ధమైపోయాను. ఆ రాత్రి ఫొటోలు మళ్లీ పెద్దవి చేసి చూస్తే ట్యూనర్లుండే తల భాగం హెడ్‌స్టాక్ మీద, నెక్ మొదట్లో తీగలు ఆనే పట్టీ నట్ పక్కనే, రెండు స్క్రూలతో చిన్న మూత కనిపించింది. ట్రస్ రాడ్‌కు పెట్టే మూత. ఇంకేం చూడాల్సిన పని లేకపోయింది.

గిబ్సన్‌లో నంబరును ఒంటరిగా నమ్మొద్దు. 1960లలో ఒకే నంబరును వేర్వేరు గిటార్లకు వేశారు. 1970 నుంచి 1975 మధ్యవాటికి ఆరంకెల నంబరు, హెడ్‌స్టాక్ వెనక మేడ్ ఇన్ యూఎస్ఏ ముద్ర ఉంటాయి. కాబట్టి నంబరుతో పాటు వస్తువునూ అడగాలి. నట్ దగ్గర నెక్ వెడల్పు కొలవండి. 43 మిల్లీమీటర్లకు దగ్గరగా ఉంటే సరే. 40కి పడిపోయి ఉంటే చాలావరకు 1965 తర్వాతిది. వేళ్లకు ఇరుకు కాబట్టి ధర తగ్గుతుంది. బ్రిడ్జి మీద తీగలు ఆనే పట్టీ సాడిల్‌కు రెండు చివర్లా స్క్రూలుంటే అది ఎత్తు మార్చుకునే రకం. 1950ల మధ్య నుంచి 1970 దాకా ఇలాంటివి చేశారు. హెడ్‌స్టాక్ మీద "గిబ్సన్ ఒక్కటే సరైనది" అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ మాటలు పట్టీ మీద రాసి ఉంటే, అది యుద్ధకాలంలో 1942కూ 1946కూ మధ్య చేసింది. అలాంటిది నా చేతికి ఇంతవరకు రాలేదు. వస్తే చూడాలని ఉంది.

ఒంటి మీద దెబ్బలు

అది ఏ గిటారో తెలిసింది, ఎప్పటిదో తెలిసింది. ఇక ఎలా ఉందన్నది మిగిలింది. ఇక్కడ తొందరపడకూడదు.

ముందు నెక్ వాలు. తీగల ఒత్తిడి మామూలు సెట్‌కే 70 కిలోలు దాటుతుంది. యాభై, అరవై ఏళ్లు అంత బరువు లాగితే నెక్ ముందుకు వాలుతుంది. స్టీలు స్కేలును నెక్ మీది అడ్డ లోహపు గీతల (ఫ్రెట్ల) మీద పెట్టి బ్రిడ్జి వైపు జరపండి. దాని చివర బ్రిడ్జి పై అంచును రాసుకుంటూ పోవాలి. బ్రిడ్జికి కింద గుద్దుకుంటే నెక్ విప్పి మళ్లీ కూర్చోబెట్టాలి. దాన్నే నెక్ రీసెట్ అంటారు. పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగ ఎత్తు రెండున్నర మిల్లీమీటర్ల చుట్టూ ఉంటే హాయిగా వాయించవచ్చు. నాలుగు దాటి, సాడిల్ కూడా ఇప్పటికే అరగదీసి ఉంటే ఇంకో దారి లేదు. నెక్ రీసెట్ జరిగిందన్నది తప్పేమీ కాదు, చక్కగా చేస్తే ధర పెద్దగా తగ్గదు. ఫెవికాల్ పోసి, స్క్రూ దిగ్గొట్టి నిలబెట్టిన నెక్‌లు చూశాను. వాటిని విప్పేటప్పుడు మంచి చెక్క కూడా ఊడొస్తుంది.

పగుళ్లు అన్నీ ఒకటి కావు. పాత మార్టిన్‌లలో పిక్‌గార్డును, అంటే టాప్ మీద గీతలు పడకుండా పెట్టే రేకును, ఉత్త చెక్కకే అతికించేవారు. ఏళ్లు గడిచేకొద్దీ అది ముడుచుకొని చెక్కను లాగి, పక్కనే గీత చీల్చుతుంది. అది దాదాపు ఊహించుకోవాల్సిన పగులు, సరిచేసి ఉంటే భయం లేదు. హెడ్‌స్టాక్ విరిగి అతికించినది వేరే కథ. ఎంత బాగా అతికినా విలువ సగం దాకా పోతుంది. నట్ వెనక బొటనవేలితో మెల్లగా తడమండి. కంటికి కనబడని అతుకు వేలికి తగులుతుంది.

అల్ట్రావయొలెట్ లైటును చీకటి గదిలో వేయాలి. పాత నైట్రోసెల్యులోజ్ లాకర్ ఆకుపచ్చ, పసుపు కలిసిన మెరుపు ఇస్తుంది. తర్వాత కొట్టిన పాలిష్ అలా మెరవదు, లేదా వేరే రంగులో ఉంటుంది. అతుకులు, టచప్‌లు మచ్చల్లా బయటపడతాయి. నా జె-45 మీద వేస్తే ఎక్కడా మెరవదు. మొత్తం నల్లగా ఉంటుంది.

బ్రిడ్జి వెనక టాప్ కొంచెం ఉబ్బి ఉండటం మామూలే. లోపల బ్రేసు ఊడిందేమో తెలియాలంటే వేలి కణుపుతో టాప్ మీద మెల్లగా తట్టండి. ఊడిన చోట చిర్రుమని శబ్దం వస్తుంది. ట్యూనర్ల చుట్టూ పాత స్క్రూ రంధ్రాలు కనిపిస్తే అవి మార్చినవే. పాతవి పెట్టెలో ఉంటే ఆ నష్టం చాలావరకు పూడుతుంది. అందుకే పెట్టెతో సహా తెమ్మంటాను.

ధర ఎలా కట్టాలి

అడిగే ధర చూసి విలువ కట్టొద్దు. ఎవరైనా ఎంతైనా అడగొచ్చు. అదే మోడల్, అదే దశకం, అదే స్థితిలో ఉన్నది ఈ మధ్య నిజంగా ఎంతకు అమ్ముడైందో చూడండి. విదేశీ అమ్మకాల సైట్లలో అమ్ముడైన ధరలు విడిగా కనిపిస్తాయి. కనీసం నాలుగైదు చూసి, అందులో బాగా ఎక్కువది, బాగా తక్కువది వదిలేయండి.

అక్కడి నుంచి తీసివేతలు. పాలిష్ మళ్లీ కొట్టి ఉంటే సుమారు సగం. హెడ్‌స్టాక్ విరిగినా దాదాపు అంతే. బ్రిడ్జి మార్చి ఉంటే, ట్యూనర్లు మార్చి ఉంటే కొద్దికొద్దిగా. ఆ తర్వాత చేయించాల్సిన రిపేరు ఖర్చు. ఉదాహరణకు మంచి స్థితిలో రెండు లక్షలు పలికే గిటారు అనుకుందాం. పాలిష్ మార్చారు, లక్ష మిగిలింది. నెక్ రీసెట్, ఫ్రెట్లకు ఇరవై వేలవుతాయంటే ఎనభై వేలు. హైదరాబాద్‌లో కొనేవాళ్లు తక్కువ కాబట్టి వెంటనే అమ్మాలంటే ఇంకా దిగాలి. ఆగగలిగితే బెంగళూరు, ముంబై, గోవాల్లో అడగొచ్చు.

ఎవరు వాయించారన్నది రుజువుతో తేలితే ఈ లెక్కలన్నీ పక్కకు పోతాయి. జాన్ లెనన్ వాయించిన పన్నెండు తీగల ఫ్రామస్ ఒకటి బ్రిటన్‌లో ఒక ఇంటి అటక మీద బయటపడింది. 2024 మే నెలలో వేలంలో 28 లక్షల డాలర్లకు పైగా పలికింది. పాత ఫొటోలతో పోల్చి అదేనని తేల్చారు. మన ఇళ్లలో అంతటివి ఉండవు. అయినా రసీదు, పెళ్లిలో వాయిస్తున్న ఫొటో, కచేరీ కరపత్రం ఏదున్నా పారేయకండి. నాన్న చెప్పేవాడు అన్న మాట కంటే ఒక పాత ఫొటోకు విలువ ఎక్కువ.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 1969కి ముందు మార్టిన్ ఖరీదైన మోడళ్లకు బ్రెజిల్ రోజ్‌వుడ్ వాడింది, ఆ తర్వాత మన దేశపు రోజ్‌వుడ్‌కు మారింది. మనం జిట్రేగి అంటామే, అదే. బ్రెజిల్ చెక్క 1992 నుంచి అరుదైన జంతువులు, చెట్ల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటీస్‌లో అన్నిటికంటే కఠినమైన జాబితాలో ఉంది. అనుమతి పత్రాలు లేకుండా దేశం దాటించకూడదు. బాగా పాతవాటిలో నట్, సాడిల్ ఏనుగు దంతంతో ఉంటాయి. అవి ఎముకతో చేసినవైతే నల్లటి చిన్న చుక్కలు కనిపిస్తాయి, దంతంలో కనిపించవు. మన దేశంలో దంతం అమ్మడం, కొనడం నేరం. అనుమానం ఉంటే అటవీ శాఖను అడగకుండా బేరం మొదలుపెట్టొద్దు.

కొనడానికి వెతికేవాళ్లు ఎర్రగడ్డ ఆదివారం సంతకు, జుమ్మెరాత్ బజార్‌కు తెల్లవారకముందే వెళ్లాలి. టార్చి జేబులో ఉంచుకోండి. నాకు అక్కడ పదేళ్లలో దొరికినవి రెండే, ఒక హాఫ్నర్, ఒక ఎర్ర లేబుల్ యమహా. హాఫ్నర్ వెనక చెక్కను పురుగు తొలిచింది. పొడి రాలుతున్న గిటారును ఇంట్లోకి తెచ్చేముందు ఆలోచించండి, పక్కనున్న గిటార్లకూ పాకుతుంది.

తెచ్చాక అటక మీద పెట్టొద్దు. స్లాబు కింద మే నెల వేడికి జిగురు మెత్తబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన గాలి బాగా పొడిబారి చెక్క చీలుతుంది, జులైలో ఉబ్బుతుంది. గదిలో తేమ చూపించే చిన్న మీటరు పెట్టి, 45 నుంచి 55 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. వేసవిలో పెట్టెలో రంధ్రాలున్న సబ్బుపెట్టె, అందులో తడి స్పాంజి పెడతాను. స్పాంజి చెక్కకు తగలకూడదు.

బొల్లారం అమ్మాయి తెచ్చింది ఫ్రామస్. లోపల నంబరు చివర 62 ఎఫ్. వాళ్ల నాన్న తన అన్నయ్య లండన్ నుంచి తెచ్చాడని చెప్పేవాడట, 1964లో. పెట్టెలో తీగల ఖాళీ కవరు ఒకటి, చేత్తో రాసిన కార్డ్‌ల కాగితం ఒకటి ఉన్నాయి. పాలిష్ ఎవరూ ముట్టుకోలేదు. ట్యూనర్లు అసలువే. నెక్ మాత్రం వాలింది, ఒక బ్రేసు ఊడింది. రిపేరు పోను ఇరవై అయిదు వేల దాకా రావచ్చన్నాను. ఆ అమ్మాయి ధర గురించి ఇంకేమీ అడగలేదు. ఆ కార్డ్‌ల కాగితాన్నే చాలాసేపు చూసింది.

నేను చూసే ప్రతి గిటారుకు ఒక చీటీ రాసి పెట్టెలో పెడతాను. చూసిన తేదీ, నంబరు ఎక్కడ ఎలా ఉంది, నెక్ కొలత, పగుళ్లు ఎక్కడున్నాయి, ఏది అసలుది, ఏది మార్చింది. ఆమె గిటారుకూ రాశాను. కార్డ్‌ల కాగితాన్ని ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి చీటీతో కలిపి ఇచ్చాను. బ్రేసు అతికించడానికి శుక్రవారం మళ్లీ తెస్తానంది.